లేచిన పాతర

ఇల్లు కట్టేవాళ్ళు నేలను చూసి కడతారు. మా ముత్తాత కూడా చూసే కట్టాడు. కట్టిన ఇల్లు ఉన్నచోటే ఉండి, నేలే మాట మార్చితే అందులో ఇంటి తప్పేముంది? ఈ సంగతి చెబితే ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. మా ఇంటిని చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ.

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి నడిస్తే మా ఊరు. ఇల్లు మట్టి మిద్దె. మూరెడు మందం గోడలు, పైన దూలాలు, వాటి మీద కర్రలు పేర్చి చౌడు మట్టి పోసిన కప్పు. బయట నిప్పులు కురిసినా లోపల చల్లగా ఉండేది. వానలు తక్కువ, జొన్నచేలు ఎక్కువ ఉన్న నేల కోసం కట్టిన ఇల్లు అది. వాకిట్లో, సరిగ్గా తలుపుకు ఎదురుగా, భూమిలో పాతర ఉండేది. పైకి చూస్తే ఒక బండ, అంతే. ఆ బండ ఎత్తితే మనిషి దూరేంత మూతి, లోపల కాగు కడుపులాంటి పెద్ద గొయ్యి. చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, బండ మూసి, సందుల్లో మట్టి మెత్తితే ఏళ్ళ తరబడి గింజ చెడదు. దొంగకు కనపడదు, ఎలుకకు అందదు.

నాయనమ్మ మంచం ఎప్పుడూ ఆ బండ మీదే. వాన పడితే తప్ప లోపలికి కదిలేది కాదు. ఆమె చిన్నప్పుడు పెద్ద కరువు వచ్చిందట. వాళ్ళింట్లో పాతర ఉంది, పక్కింట్లో లేదు. ఆ కథ ఎప్పుడు చెప్పినా అక్కడికే ఆపేది. "మరి పక్కింటోళ్ళు ఏమైండ్రు?" అని అడిగితే, "పండుకో" అనేది. కాసేపయ్యాక తనే, "కింద గింజ ఉన్నదని తెలిస్తెనే నాకు కన్ను మూతవడ్తది" అనేది.

పెద్ద కాలువ నేను పుట్టకముందే మిర్యాలగూడ దాకా వచ్చింది. దాని పిల్ల కాలువ మా చేల దాకా రావడానికి మాత్రం నేను బడికి పోయే వయసు రావాల్సి వచ్చింది. నీళ్ళు వచ్చిన రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, డప్పులు. మా నాయన ధోవతి ఎగగట్టి కాలువలోకి దిగి పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. నాయనమ్మ నీళ్ళ వంక చాలాసేపు చూసి, "చేను తాగంగ మిగిలిన నీళ్ళు ఏడికి వోతయి?" అని అడిగింది. పండగపూట అలాంటి ప్రశ్నలు ఎవరు వింటారు?

మిగిలిన నీళ్ళు మా ఇంటికి వచ్చాయి.

చుట్టూ జొన్న పోయి వరి వచ్చింది. నల్లరేగడి నీళ్ళు తాగి తాగి ఇక చాలని కక్కడం మొదలుపెట్టింది. మా ఇల్లు ఊళ్ళో పల్లంలో ఉంది కనుక ఆ మర్యాద ముందు మాకే దక్కింది. గోడలు మోకాలి ఎత్తు వరకు చెమ్మెక్కాయి. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. అలికిన నేల ఆరేది కాదు. కప్పలు గడప దగ్గర ఆగి, అడిగి రావడం లాంటివి ఏమీ పెట్టుకోకుండా నేరుగా వంటింట్లోకి పోయేవి.

మా నాయనకు తెలిసిన విద్య ఒక్కటే, ఇటుకలు పెట్టడం. మంచం కోళ్ళ కింద ఇటుకలు, పెట్టె కింద ఇటుకలు, బియ్యం గుమ్మి కింద ఇటుకలు. చెమ్మ ఇంకొంచెం ఎక్కితే ఇంకో వరస. ఇంట్లో వస్తువులన్నీ పెరుగుతూ పోయాయి, మేము మాత్రం పొట్టివాళ్ళమయ్యాం. పొయ్యి కూడా ఎత్తు పెరగడంతో అమ్మ పీట మీద నిలబడి వండేది. ఆ పీట కిందా ఇటుకలే. "ఇంగో వరస వెడితె మిద్దె మీద కూసోని వండుత" అనేది అమ్మ.

ఇంత జరిగినా పాతర సంగతి ఎవరికీ తట్టలేదు, నాయనమ్మకు తప్ప. తెరిచి చూద్దామని ఆమె, ఎందుకులే అని నాయన. చివరికి ఒక ఎండాకాలం పొద్దున తెరిచారు. పాతర తెరవగానే దిగకూడదు, లోపల గాలి చెడి ఉంటుంది. తాడుకు దీపం కట్టి దింపుతారు, దీపం వెలిగితే మనిషి దిగవచ్చు. నాయన దీపం దింపాడు. అది ఆరలేదు. ఆరకపోగా, కింద నుంచి ఇంకో దీపం పైకి రావడం మొదలుపెట్టింది. పై దీపం దిగే కొద్దీ అది ఎక్కుతోంది. నేను భయపడి అమ్మ కొంగు పట్టుకున్నాను. రెండు దీపాలూ కలుసుకునేదాకా అది నీళ్ళలో నీడ అని నాయనకూ అర్థం కాలేదు.

లోపలి జొన్నలన్నీ కుళ్ళి గుజ్జయ్యాయి. తోడి పోస్తే బర్రె వాసన చూసి మొహం తిప్పుకుంది. ఏది పెట్టినా తినే బర్రె అది. నాయనమ్మ ఆ గుజ్జు పక్కన కూర్చుని, గుప్పిట్లోకి తీసుకుని, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే చూస్తూ ఉండిపోయింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఇగ జొన్నలెందుకమ్మా? కాలువ ఉన్నది. రెండు పంటల వడ్లున్నయి. ఇగ కరువు రాదు" అన్నాడు నాయన.

"కరువు నీకు చెప్పి వస్తదార?"

"ఇంట్ల బస్తాలు లెవ్వా మరి?"

"బస్తాలు అమ్ముకునేటోళ్ళకురా. పాతర తినేటోళ్ళకు."

ఆ తర్వాత నాయనమ్మకు నిద్ర లేకుండా పోయింది. ఆమెకు నిద్ర లేకపోతే ఇంటిల్లిపాదికీ లేనట్టే. రాత్రంతా గునుగుడు, మంచం ఇటు జరుపు, అటు జరుపు. ఆ రోజుల్లోనే ఇంట్లో చీమల బారులు వింత వింత చోట్లకు పోవడం మొదలైంది. ఒక బారు దేవుడి గూట్లోకి పోతుంది. ఇంకోటి దూలం మీది చిల్లు బిందెలోకి. వెళ్ళి చూస్తే, రొట్టెలకని సంతలో కొన్న జొన్నలు గుప్పెడు, గుడ్డలో మూటకట్టి ఉండేవి. అడిగితే, "చీమలే తెచ్చుకున్నయేమో" అనేది నాయనమ్మ. మూట కట్టే చీమలను మా ఇంట్లో తప్ప ఎవరూ చూసి ఉండరు.

నాకు మాత్రం వేరే బాధ ఉండేది. దిండును మా దగ్గర మెత్త అంటారు. నా మెత్త బండలా ఉండేది, పైగా వేపాకు వాసన. అమ్మకు చెబితే, "మెత్తలు ఎండవెట్టేది మీ నాయనమ్మ గదా, ఆమెనడుగు" అంది. నాయనమ్మను అడిగితే, "దూది ముద్దగట్టింది. వేపాకేస్తే పేలు వడయి" అంది. నా తలలో పేలు ఉన్న మాట నిజం కనుక నోరుమూసుకున్నాను.

ఇక మా మామ గురించి చెప్పాలి. మా మేనత్త భర్త. సూర్యాపేటలో రోడ్ల పనులు చేయించే సూపర్‌వైజరు. లోకంలో సిమెంటుతో తీరని కష్టం లేదని ఆయన నమ్మకం. వాళ్ళింట్లో తులసికోటకు సిమెంటు, బావి గిలకకు సిమెంటు, ఇంటెనక జామచెట్టు తొర్రకు కూడా సిమెంటు. ఒకసారి ఆయన పన్ను పుచ్చిపోతే, "జర సిమెంట్ పెట్టుకో బావా" అని నాయన అంటే, అందులో తప్పేముందన్నట్టు ఆలోచించాడు.

నాయనమ్మ అల్లుడి ముందుకు వచ్చేది కాదు, ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. అది మా దగ్గర ఆనవాయితీ. తలుపు వెనక నిలబడి, నెత్తిన కొంగు కప్పుకొని, మధ్యలో నన్ను పెట్టి మాట్లాడేది. ఆయన రెండడుగుల దూరంలో కూర్చుని అంతా వింటూనే ఉండేవాడు. అయినా నేను మళ్ళీ చెప్పాల్సిందే. మా ఇంటికి ఫోను రాకముందే నేను ఫోనునయ్యాను.

పాతర సంగతి విని మామ తొడ చరిచాడు. "నీళ్ళు రాకుంట జెయ్యాలె, గంతేనా? కింద కాంక్రీట్, సుట్టు ఇటుక గోడ, లోపల బయట సిమెంట్. నీళ్ళెట్లొస్తయో నేనూ సూస్త!"

"పిల్లా, మీ మామనడుగు," అంది తలుపు. "నీళ్ళకు కోపమొస్తె?"

"మామా, నీళ్ళకు కోపమొస్తె అంటుంది."

"సిమెంట్ ముంగట నీళ్ళ కోపమెంత అని చెప్పు మీ నాయనమ్మకు."

కాలువ బంద్ పెట్టిన ఎండాకాలంలో పని మొదలైంది. మామ కోదాడ నుంచి తనకు తెలిసిన మేస్త్రీని పిలిపించాడు. ఆ మేస్త్రీ నోట్లో ఉన్నది ఒకటే మాట, "అలాగేనండీ". కాంక్రీటు మందంగా పొయ్యమని మామ అంటే అలాగేనండీ. అంత మందం ఎందుకని నాయన అంటే అలాగేనండీ. అన్నం తిని పోతారా అంటే కూడా అలాగేనండీ. పని అయ్యేసరికి పాత గొయ్యి స్థానంలో భూమిలోకి దిగిన నున్నటి సిమెంటు తొట్టి తయారైంది. దానికో సిమెంటు మూత. మామ చేతి కర్రతో దాన్ని కొట్టి, మోగితే మురిసిపోయాడు.

నాయనమ్మకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే జొన్నలు పొయ్యాలంది. కానీ పొయ్యడానికి మా చుట్టుపక్కల జొన్న ఎక్కడుంది? ఎటు చూసినా వరే. ఆత్మకూరు వైపు మెట్ట ఊళ్ళలో దొరుకుతాయి, కొత్త పంట వచ్చాక తెస్తానన్నాడు నాయన.

"అందాక ఖాళీగ ఉంచుతవా? ఖాళీ పాతర ఇంటికి మంచిది గాదుర" అంది నాయనమ్మ. నాయన వినలేదు. ఆమె మూత తీయించి తన కొంగులోని గుప్పెడు జొన్నలు అందులో వేసి మూయించింది. ఆ తొట్టిలో అవి ఏ మూల పడ్డాయో కూడా కనిపించలేదు.

వానాకాలం వచ్చింది. కాలువ విడిచారు. పైన ముసురు, కింద ఊట. మామ తన సిమెంటు ఎలా నిలబడిందో చూసుకుందామని అప్పుడే వచ్చాడు. మూత తీసి చూస్తే లోపల ఒక్క చుక్క నీళ్ళు లేవు. మా నాయన వీపు మీద చరిచి, ఊరివాళ్ళను పిలిచి చూపించాడు. అమ్మ కోడిని కోసింది. ఆ మధ్యాహ్నం ముసురు కాస్త తెరిపిచ్చింది. మామ జొన్నరొట్టెలు, కోడికూర సుష్టుగా తిని, నాయనమ్మ మంచం పాతర మూత మీద వేయించుకొని, నడుము వాల్చాడు. మూత చుట్టూ అంగుళం మేర నేలపైకి కనిపిస్తున్న తన సిమెంటు పనితనాన్ని చేత్తో తడుముతూనే నిద్రపోయాడు.

నేను గడప మీద కూర్చుని చింతగింజలు ఆడుతున్నాను. ముందు భూమి లోపల ఏదో గుటక వేసినట్టు శబ్దం వచ్చింది. తర్వాత మంచం ఒక పక్కకు ఒరిగింది. మామ గురక ఆగలేదు. మంచం ఇంకొంచెం లేచింది. అప్పుడు చూశాను, లేస్తున్నది మంచం కాదు, పాతరే. చుట్టూ బురద బుడబుడలాడుతుంటే సిమెంటు తొట్టి పెద్ద మనిషి కుర్చీలోంచి లేచినట్టు నింపాదిగా పైకి వచ్చింది. మామ దొర్లి బురదలో పడ్డాడు. లేచి నిలబడి, మంచం తన గుండెల ఎత్తున ఎందుకుందో అర్థం కాక, "ఎవడ్రా లేపింది?" అని అరిచాడు.

అందరూ ఉరికొచ్చారు. అప్పుడు తలుపు వెనక నుంచి నాయనమ్మ బయటికి వచ్చింది. నెత్తి మీది కొంగు జారిపోయినా సర్దుకోలేదు. మామ మొహం చూసి, నేరుగా, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి అల్లుడితో మాట్లాడింది.

"ఖాళీ కడుపు గిట్లనే లేస్తది అల్లుడా. నిండ జొన్నలుంటె లేసునా?"

నేను అలవాటు కొద్దీ, "మామా, ఖాళీ కడుపు..." అని మొదలుపెట్టాను. నాయన నా నోరు మూశాడు.

తర్వాత చాలాకాలం మా ఇల్లు ఊరికి తమాషా. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే బండ్లవాళ్ళు కూడా దారి మళ్ళి చూసిపోయేవారు. లేచిన తొట్టి తలుపుకు అడ్డం నిలిచింది. దాన్ని పగలగొడదామని సమ్మెట తెస్తే సమ్మెట కర్ర విరిగింది. మామ సిమెంటు అలాంటిది. బరువు పెడితే దిగుతుందని ఆయనే మరో ఉపాయం చెప్పాడు. లోపల బండరాళ్ళు నింపారు. అది తన అడుగు భాగం కిందికి బురద లాక్కొని తాపీగా కూర్చుంది కనుక వేలెడు కూడా దిగలేదు. ఇక ఇల్లే సర్దుకుంది. తలుపు తీసి పక్కకు పెట్టారు. పాత గుమ్మం పూడ్చి కిటికీ చేశారు. చుట్టాలు పాత అలవాటున కిటికీ దగ్గరికొచ్చి చెప్పులు విడిచేవారు.

పైకి వచ్చింది కదా, ఇప్పుడైనా జొన్నలు పొయ్యమంది నాయనమ్మ. ఒరిగిన తొట్టికి మూత సరిగ్గా కూర్చోదు, వాన లోపలికి దిగుతుంది. అందుకని రాళ్ళు రాళ్ళుగానే ఉండిపోయాయి. "జొన్నలుండాల్సిన కాడ బండలు వోసిండ్రు" అని ఆమె ఎవరు వచ్చినా చెప్పేది. నవ్వడానికి వచ్చినవాళ్ళు ఆ మాటకు కాసేపు నవ్వు ఆపేవారు. నాకు మాత్రం నాయనమ్మను చూస్తే దిగులేసేది. తను బతికుండగా పాతర నిండదేమోనని ఆమె భయం. ఆ భయం ఇంట్లో అందరికీ తెలుసు, మాట్లాడేవాళ్ళే లేరు.

తొంభైల్లో, నేను కోదాడలో కాలేజీ చదువుతుండగా, ఒక వానకు మా మిద్దె మూల కూలింది. ఇక కొత్త ఇల్లు తప్పలేదు. మళ్ళీ అదే కోదాడ మేస్త్రీ వచ్చాడు, ఈసారి కళ్ళజోడుతో.

"బేస్‌మెంటు ఎంత ఎత్తు పెట్టమంటారండీ?" అన్నాడు.

నాయన మోకాలు చూపించాడు. మామ అప్పటికే పక్కన కూర్చుని ఉన్నాడు కానీ సిమెంటు మాట ఎత్తడం లేదు. నాయనమ్మ కర్ర పోటేసుకుంటూ పాతర దగ్గరికి పోయి, దాని అంచు మీద చెయ్యి వేసింది.

"ఇదెంత లేసిందో గంత."

"అలాగేనండీ" అన్నాడు మేస్త్రీ.

"గంత ఎత్తా అమ్మా? ఎన్ని మెట్లెక్కాలె?" అన్నాడు నాయన.

"నీళ్ళు దాన్ని ఏడిదాక నూకినయో ఆడిదాక వాటి జాగ. ఆ పైన మనది."

మామ గొంతు సవరించుకున్నాడు. "అత్తమ్మ చెప్పినట్టు చెయ్యిర్రి" అన్నాడు మెల్లగా. తర్వాత ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా దారం తెచ్చి మా పాతర నుంచే లెవెలు పట్టుకుపోయేవారు. నవ్వినవాళ్ళు కూడా.

కొత్త ఇంటి వరండా పాతర చుట్టూ కట్టారు. నేల సరిగ్గా దాని అంచుకు వచ్చింది, ఒరిగిన అంచును మేస్త్రీ సరిచేయడంతో మూత చక్కగా కూర్చుంది, పైన స్లాబు. కానీ లోపలి రాళ్ళు తీసి జొన్నలు పొయ్యడానికి నాయనమ్మ ఒక షరతు పెట్టింది. రాళ్ళు తీసిన పూటే జొన్నలు పడాలి, పాతర ఒక్క గడియ కూడా ఖాళీగా ఉండకూడదు. చుట్టూ మట్టి నింపి బిగించాక అది ఇక ఎటూ లేవదని నాయన ఎంత చెప్పినా వినలేదు. ఆత్మకూరు వైపు నుంచి జొన్నల బస్తాలు దిగాకే రాళ్ళకు చెయ్యి వెయ్యనిచ్చింది. ఒక పక్క నుంచి రాళ్ళు బయటికి, ఇంకో పక్క నుంచి బస్తాలు లోపలికి. నాయన చెమటలు కక్కుతూ, "ఇది పాతరా, బస్టాండా?" అన్నాడు.

అన్ని బస్తాలూ పోసినా పాతర నిండలేదు. అంచుకు ఒక జానెడు తక్కువ. నాయనమ్మ మొహం చిన్నబోయింది. లోపలికి పోయింది. కాసేపటికి ఒక్కొక్కటే మూటలు తేవడం మొదలుపెట్టింది. దేవుడి గూట్లోది, చిల్లు బిందెలోది, పాత గొడుగులోది, తాతయ్య కోటు జేబులోది. అమ్మ నోరు తెరుచుకొని చూస్తోంది. ఆఖర్న నా మెత్త తెచ్చింది. కుట్లు విప్పి తలకిందులు చేస్తే, ఎండిన వేపాకుతో పాటు జొన్నలు ధారగా పడ్డాయి. బడికి పోయే రోజుల నుంచి నేను తల పెట్టుకున్నది జొన్నల మీద.

"నా నెత్తి గిట్ల చదునైంది అందుకేనా?" అని అరిచాను.

"నెత్తి చదునైతె ఏంది, చదువొచ్చింది గద" అంది నాయనమ్మ. పాతర నిండింది. మూత మూసి, మంచం వేయించుకొని, ఆ మధ్యాహ్నం ఆమె పడుకున్న పడుక చూసి చెంబు కింద పడేయడానికి కూడా మాకు భయమేసింది.

నాకు కొత్త దూది మెత్త కుట్టారు. తల పెడితే తల దిగిపోతుంది. ఎవరో లేనట్టు, ఏదో మరచినట్టు అనిపించేది. అటు దొర్లి, ఇటు దొర్లి, కన్ను మూతపడేది కాదు. కొన్నాళ్ళు చూసి, ఒక పొద్దున సిగ్గు విడిచి ఖాళీ మెత్త గుడ్డ పట్టుకొని నాయనమ్మ మంచం దగ్గరికి పోయాను. గుడ్డ చాచి నిలబడ్డాను.

ఆమె నా కళ్ళ కింద నలుపు చూసింది. గుడ్డ చూసింది.

"నీగ్గూడ అంటిందా?" అంది.

నన్ను మంచం జరపమని, మూత తీయించింది. గుప్పెడు గింజ కింద పడితే ఏరుకునే మనిషి, దోసిళ్ళకు దోసిళ్ళు తీసి నా గుడ్డలో పోసింది. "నాయనమ్మా, తగ్గుతది" అన్నాను.

"ఒక్క మెత్తకు లేవదు తియ్యి" అంది, ఇంకో దోసిలి పోస్తూ.